ఒక్క శాస్త్రానికి లొంగని నీళ్లు



మాకు రసాయనశాస్త్రం నేర్పిన మాస్టారి పేరిట జరిగే ఈ ఏటి స్మారకోపన్యాసానికి నిర్వాహకులు నాకిచ్చిన అంశం ‘రసాయనశాస్త్రంలోనూ దాని అనుబంధ శాస్త్రాల్లోనూ పరిశోధన’. ఇంత విస్తారమైన అంశాన్ని గంటలో చుట్టబెట్టాలంటే మూలకాల పేర్లు, మందుల పేర్లు, నోబెల్ గ్రహీతల పేర్లు వరసగా చదివి కూర్చోవాలి. అలాంటి ఉపన్యాసం మాస్టారికి రుచించదు. ఏదైనా ఒక్క సమస్యను పట్టుకుని దాని అంతు చూడమనేవారు ఆయన. అందుకని ఒక్క అయాన్‌ను ఎంచుకున్నాను. అది ఫ్లోరైడ్. నల్లగొండ, ప్రకాశం, అనంతపురం జిల్లాల వాళ్లకు దీన్ని పరిచయం చేయాల్సిన పనిలేదు. కొందరి ఇళ్లలో అది తాతల కాలం నుంచీ ఉంది.

ఫ్లోరైడ్ కథలో దంతవైద్యుడున్నాడు, రసాయనవేత్త ఉన్నాడు, ఎక్స్‌రే తీసిన డాక్టరున్నాడు, రాళ్లను చదివిన భూగర్భశాస్త్రవేత్త ఉన్నాడు, తిండిని పరిశీలించిన పోషకాహార నిపుణులున్నారు, ఇంజనీర్లున్నారు. వీళ్లందరికన్నా ముందు రైతు ఉన్నాడు. వీరిలో ఏ ఒక్కరి జవాబూ సమస్యను పూర్తిగా తేల్చలేదు. ప్రతి జవాబు చివరా పక్క శాస్త్రం తేల్చాల్సిన ప్రశ్న ఒకటి మిగిలింది. ఆ ప్రశ్నను అందుకునేవాళ్లు ఉన్నచోట జనం బాగుపడ్డారు. లేనిచోట నడుములు వంగిపోయాయి. నేను చెప్పదలచుకున్న మాట ఇదే. పరిశోధకుడి బాధ్యత ఫలితం చేతికి రావడంతో తీరిపోదు. ఆ ఫలితం లేవనెత్తిన ప్రశ్నను తగినవాళ్ల చేతికి అప్పగించేదాకా ఉంటుంది.

పళ్ల మీది మరక

1901లో ఫ్రెడరిక్ మెకే అనే యువ దంతవైద్యుడు అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌లో వైద్యం మొదలుపెట్టాడు. అక్కడ పుట్టి పెరిగినవాళ్లలో చాలామందికి పళ్ల మీద గోధుమరంగు మరకలు. ఊరివాళ్లు దానికి అలవాటుపడిపోయారు. మెకే మాత్రం ఊరుకోలేదు. దంతవైద్యంలో అప్పటికి పెద్ద పేరున్న జి.వి. బ్లాక్‌ను కలుపుకుని ఏళ్ల తరబడి వెతికాడు. పెద్దయ్యాక ఆ ఊరు వచ్చినవాళ్లకు మరకలు లేవనీ, పన్ను ఏర్పడే వయసులో అక్కడి నీళ్లు తాగినవాళ్లకే వస్తున్నాయనీ తేల్చాడు. కారణం నీళ్లలోనే ఉందని అతనికి గట్టి నమ్మకం. 1923లో ఐడాహో రాష్ట్రంలోని ఓక్లీలో కొత్త గొట్టపు నీళ్లు వచ్చాక పిల్లల పళ్లు పాడవుతున్నాయని తల్లులు చెబితే, ఆ నీళ్లు మానేయమని సలహా ఇచ్చాడు. మానేశాక పుట్టిన పిల్లల పళ్లు తెల్లగా వచ్చాయి. అయినా నీళ్లలో ఉన్నదేమిటో దంతవైద్యానికి అంతుపట్టలేదు. అప్పటి మామూలు నీటి పరీక్షల్లో ఫ్లోరైడ్ కోసం ఎవరూ వెతికేవారు కారు.

జవాబు 1931లో ఒక అల్యూమినియం కంపెనీ ప్రయోగశాలలో దొరికింది. ఆల్కోవా అనే ఆ కంపెనీ రసాయనవేత్త హెచ్.వి. చర్చిల్‌కు ఆర్కన్సాలోని బాక్సైట్ అనే ఊరి నుంచి నీటి నమూనా వచ్చింది. అక్కడి పిల్లల పళ్ల మరకలకు అల్యూమినియమే కారణమని జనం అంటారేమోనని కంపెనీ భయం. చర్చిల్ మామూలు పరీక్షలతో సరిపెట్టుకోకుండా వర్ణపట విశ్లేషణ చేయించాడు. లీటరుకు 13.7 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ తేలింది. అదే ఏడాది అరిజోనాలో మార్గరెట్ కామక్ స్మిత్ బృందం అలాంటి ఊరి నీళ్లను ఎలుకలకు తాగించి, వాటి పళ్లూ అలాగే పాడవుతాయని చూపించింది. చర్చిల్ ఫలితం తన కంపెనీకి మచ్చ రాకుండా చూసింది కాబట్టి అతను అక్కడితో ఆగిపోయి ఉండవచ్చు. కానీ మెకేకు ఉత్తరం రాశాడు. మెకే పరిశీలించిన ఇతర ఊళ్ల నీళ్లు కూడా పంపమన్నాడు. ముప్పై ఏళ్లుగా నలుగుతున్న చిక్కు విడిపోయింది ఆ ఉత్తరంతోనే.

నెల్లూరు ఎద్దులు

అమెరికాలో ఈ సంగతి పళ్ల దగ్గర ఆగింది. మన దగ్గర ఎముకల్లోకి దిగింది.

అప్పటి నెల్లూరు జిల్లా చాలా పెద్దది. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా అందులోనే ఉండేవి. ఆ మెట్ట ఊళ్లలో రైతులు ముందుగా గమనించింది తమ ఎద్దులను. కాడికి కట్టిన ఎద్దు కీళ్లు బిగుసుకుపోయి అడుగు తీయలేకపోయేది. కొంతకాలానికి మనుషుల్లోనూ అవే లక్షణాలు కనిపించాయి. మెడ తిరగదు, నడుము వంగితే లేవదు, కింద కూర్చోవడం కుదరదు. ముదిరితే కాళ్లలో చచ్చుదనం.

1937లో మద్రాసు నుంచి వెళ్లిన వైద్య బృందం ఈ జబ్బును మొదటిసారి శాస్త్రీయంగా నమోదు చేసింది. గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన హెచ్.ఇ. షార్ట్, వైద్యుడు మెక్‌రాబర్ట్, ఎక్స్‌రే నిపుణుడు బర్నార్డ్, నాయర్ కలిసి ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో వ్యాసం రాశారు. ఆ పేర్లను గమనించండి. సూక్ష్మజీవుల శాస్త్రం తెలిసినవాడు, రోగిని పరీక్షించేవాడు, ఎముకల చిత్రం తీసి చదవగలవాడు ఒకే బృందంలో ఉన్నారు. మరో వ్యాసంలో షార్ట్‌తోపాటు సి.జి. పండిట్, నీటి పరీక్షల్లో ఆరితేరిన రాఘవాచారి ఉన్నారు. ఎక్స్‌రేలో వెన్నెముక చిక్కనై తెల్లగా కనిపించింది. వెన్నుపూసలను కలిపే నరాల్లాంటి కట్లు కూడా గట్టిపడి ఎముకలా మారాయి. వైద్యుడు చూసిన బిగుసుకున్న మెడకూ, బావినీళ్లలో రసాయనవేత్త కొలిచిన అంకెకూ నడుమ ఆ చిత్రం సాక్షిగా నిలిచింది.

నల్లగొండ సంగతి 1940ల్లో వైద్య పత్రికలకు ఎక్కింది. 1955లో ఎ.హెచ్. సిద్దిఖీ అక్కడి రోగుల గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాసిన వ్యాసంతో ఆ జిల్లా పేరు ప్రపంచ వైద్యులకు తెలిసింది. ఒక జిల్లా పేరు ఒక జబ్బుతో ముడిపడిపోవడం ఆ జిల్లా జనానికి ఎంత భారమో అక్కడ పిల్లల పెళ్లి సంబంధాలు చూసినవాళ్లకు తెలుసు.

ఎముకలో జరిగేది, రాతిలో జరిగేది

ఇంత హాని చేసే ఫ్లోరైడ్ ఎముకలోకి ఎలా చేరుతుంది? ఇది ఖనిజ రసాయనశాస్త్రం చెప్పాల్సిన జవాబు. మన ఎముకల్లో, పళ్లలో ఉండే గట్టి పదార్థం ముఖ్యంగా హైడ్రాక్సీఅపటైట్. అంటే కాల్షియం, ఫాస్ఫేట్, వాటి నడుమ హైడ్రాక్సిల్ అయాన్లు. ఫ్లోరైడ్ అయాన్ పరిమాణంలోనూ ఆవేశంలోనూ దాదాపు హైడ్రాక్సిల్ అంతే ఉంటుంది. కాబట్టి హైడ్రాక్సిల్ ఖాళీ చేసిన చోటులో అది సులువుగా కుదురుకుంటుంది, ఆ స్ఫటికం అంతకుముందుకన్నా తేలిగ్గా కరగనిదవుతుంది. తక్కువ మోతాదులో ఇది పంటికి మేలే. అందుకే టూత్‌పేస్టుల్లో ఫ్లోరైడ్ కలుపుతారు. మోతాదు మించి ఏళ్ల తరబడి చేరితే ఎముక పెరగకూడని చోట పెరుగుతుంది, కట్లు సున్నం పట్టి బిగుస్తాయి. భారత ప్రమాణాల సంస్థ తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఉండవచ్చని చెబుతూ, వేరే నీళ్లు దొరకనిచోట 1.5 దాకా అనుమతిస్తుంది. మేలుకూ కీడుకూ నడుమ ఎడం ఇంత ఇరుకుగా ఉండే పదార్థాలు చాలా తక్కువ. వేడి ఎక్కువ కాబట్టి మన పల్లెల్లో పొలం పనిచేసే మనిషి రోజుకు తాగే నీళ్లూ ఎక్కువే. అంకె అదే అయినా ఒంట్లో చేరేది పెరుగుతుంది.

నల్లగొండ నీళ్లలోకి ఇంత ఫ్లోరైడ్ ఎక్కడి నుంచి వచ్చింది? దీనికి జవాబు కాలికింది రాతిలో ఉంది. ఆ జిల్లా అడుగు చాలావరకు గ్రానైట్. అందులోని ఫ్లోరైట్, అపటైట్, నల్ల అభ్రకం, హార్న్‌బ్లెండ్ లాంటి ఖనిజాల్లో ఫ్లోరిన్ దాగి ఉంటుంది. అయితే గ్రానైట్ ఉన్న ప్రతిచోటా నీళ్లు ఇలా లేవు. తేడా కాల్షియంలో ఉంది. కాల్షియం, ఫ్లోరైడ్ కలిస్తే ఏర్పడే కాల్షియం ఫ్లోరైడ్ నీళ్లలో చాలా కొద్దిగా కరుగుతుంది. లీటరుకు పదిహేను మిల్లీగ్రాములకు అటూఇటూ మాత్రమే. నీళ్లలో కాల్షియం దండిగా ఉంటే ఫ్లోరైడ్‌ను ఎక్కువగా పోగుకానివ్వదు. వానలు తక్కువై, ఎండలు ఎక్కువై, నీళ్లు రాతి పగుళ్లలో ఏళ్లకేళ్లు నిలవుండే నేలలో కాల్షియం కార్బొనేటుగా మారి సున్నపురాయి గడ్డలై విడిపోతుంది. సోడియం, బైకార్బొనేట్ మిగిలి నీళ్లు క్షారగుణం పుంజుకుంటాయి. ఫ్లోరైడ్‌ను అడ్డగించేది అప్పుడు ఉండదు. 1993లో రామమోహనరావు, సూర్యప్రకాశరావు, షూలింగ్ నల్లగొండ నీళ్ల మీద ప్రచురించిన అధ్యయనంలో లీటరుకు 20 మిల్లీగ్రాముల దాకా ఫ్లోరైడ్ ఉన్న బావులున్నాయి. ఒకే ఊళ్లో రెండు బోర్ల నీళ్లు ఎందుకు వేర్వేరుగా ఉంటాయో కూడా దీన్ని బట్టి తెలుస్తుంది. పగులు మారితే నీరు మారుతుంది. కాబట్టి ఊరికొక అంకె చెప్పి ఊరుకుంటే కుదరదు, ప్రతి బోరునూ విడిగా కొలవాలి.

కొలవడం నేర్పిన మాస్టారు

కొలత దగ్గర మాస్టారు ఎంత పట్టుదలగా ఉండేవారో ఆయన ప్రయోగశాలలో నిలబడినవాళ్లందరికీ గుర్తుండే ఉంటుంది. సెలవులకు ఇంటికి వెళ్లే విద్యార్థి తన ఊరి బావి నీళ్లు తేవాలి. గాజు సీసాలో తెస్తే ఆయన ముట్టుకునేవారు కాదు. ఫ్లోరైడ్‌కు గాజు సరిపడదు కాబట్టి ప్లాస్టిక్ సీసానే కావాలి. దాని మీద ఊరి పేరు, బావి ఏ వీధిలో ఉందో, తేదీ రాసి ఉండాలి. తెల్ల పలక మీద పొడవాటి గాజు గొట్టాలు వరసగా నిలబెట్టేవారు. ఒక పక్క తెలిసిన మోతాదుల ఫ్లోరైడ్ ద్రావణాలు, రెండో పక్క ఊళ్ల నీళ్లు. అన్నింటిలోనూ ఆమ్లం కలిపిన జిర్కోనియం అలిజరిన్ ద్రావణం సమానంగా పోయాలి. పోయగానే అన్నీ ఎర్రగానే కనిపిస్తాయి. గంట ఆగాలి. ఫ్లోరైడ్ జిర్కోనియాన్ని తన వైపు లాక్కుంటుంది, అలిజరిన్ విడిపోతుంది, ఎరుపు కాస్తా నారింజలోకి, ఆపైన పసుపులోకి దిగుతుంది. పై నుంచి గొట్టంలోకి చూస్తూ ఏ ఊరి రంగు ఏ ప్రమాణపు రంగుతో కలుస్తుందో చెప్పాలి. తమ ఊరి గొట్టం అన్నింటికన్నా పచ్చగా మారడం చూసిన పిల్లలు ఆ రోజు రసాయనశాస్త్రాన్ని పుస్తకంలో చదివినవాళ్లలా ఉండేవారు కాదు.

1966లో ఫ్రాంట్, రాస్ అనే ఇద్దరు లాంథనం ఫ్లోరైడ్ స్ఫటికంతో ఒక ఎలక్ట్రోడ్ తయారుచేసి సైన్స్ పత్రికలో ప్రకటించారు. రంగు పోల్చే శ్రమ తప్పింది, అంకె నిమిషాల్లో వస్తోంది. కానీ అంకె వచ్చినంత మాత్రాన అది నిజమైన అంకె అనుకోవడానికి లేదు. పటికతో శుద్ధిచేసిన నీళ్లలో కొంత అల్యూమినియం మిగిలి ఉంటుంది. అది ఫ్లోరైడ్‌ను గట్టిగా పట్టుకుంటుంది. ఎలక్ట్రోడ్ విడిగా ఉన్న ఫ్లోరైడ్‌నే చూడగలదు కాబట్టి తక్కువ చూపిస్తుంది. రంగు పరీక్షలోనూ ఇదే చిక్కు. అల్యూమినియాన్ని వేరే పదార్థంతో బంధించి ఫ్లోరైడ్‌ను విడిపించే బఫర్ కలిపాకే సరైన అంకె వస్తుంది. బఫర్ కలపకుండా కొలిచినవాడు, శుద్ధి బ్రహ్మాండంగా జరిగిందని నివేదిక రాసేస్తాడు. ఆ నివేదికను నమ్మి నీళ్లు తాగేది ఒక ఊరు. ప్రయోగశాలలో ఒక్క మెట్టు దాటవేస్తే దాని ఫలితం ఎవరి ఒంట్లో తేలుతుందో తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

సాగర్ నిండాక

ఈ కథలో అన్నింటికన్నా ఎక్కువగా ఆలోచించాల్సిన ఘట్టం నాగార్జునసాగర్. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. లక్షల ఎకరాలు పండాయి, ఆ మేలును ఎవరూ కాదనలేరు. అయితే కొన్నేళ్లలో ఫ్లోరైడ్ ఊళ్లలో ఎవరూ ఊహించని మార్పు కనిపించింది. యుక్తవయసు పిల్లలకు, ముఖ్యంగా మగపిల్లలకు, మోకాళ్లు ఒకదానికొకటి తగులుకునేలా కాళ్లు వంకర తిరగసాగాయి. అప్పటిదాకా ఫ్లోరోసిస్ అనే ఈ ఫ్లోరైడ్ జబ్బు అంటే నడివయసు దాటినవాళ్ల నడుము బిగుసుకోవడమే.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లాన్సెట్‌లో ఈ సంగతిని ప్రకటించారు. ఎముకలు ఒకచోట గట్టిపడి, ఇంకోచోట బోలుగా ఉన్నాయని చూపించారు. అదే సంస్థలో వై.జి. దేవస్థలే, సహచరులు ఆ ఊళ్ల జొన్నల్లో, నీళ్లలో సూక్ష్మ లోహాలను కొలిచారు. వాళ్లు కూర్చిన వివరణ ఇలా సాగుతుంది. జలాశయం, కాలువల ఊటతో భూగర్భజలం పైకొచ్చింది. నేల క్షారగుణం పెరిగింది. క్షార నేలలో మాలిబ్డినం మొక్కకు తేలిగ్గా అందుతుంది. ఆ నేలల్లో పండిన జొన్నలో మాలిబ్డినం ఎక్కువ. మాలిబ్డినం ఎక్కువైతే ఒంట్లోని రాగి మూత్రంలో వెళ్లిపోతుంది. ఎముకకు దృఢత్వమిచ్చే పీచు పదార్థం సరిగా అల్లుకోవడానికి రాగి ఉన్న ఎంజైమ్ కావాలి. ఫ్లోరైడ్ ఎటూ ఉండనే ఉంది. జొన్న తిండి తినే పేదల పిల్లలు ఎక్కువ దెబ్బతిన్నారు. 

ఆనకట్ట కట్టిన ఇంజనీరుకు ఎముకల రసాయనం తెలియాలని ఎవరూ అడగరు. ఎముకలు చూసే డాక్టరుకు కాలువ ఊట లెక్క తెలియాలనీ అడగరు. అయితే ఈ రెంటి నడుమా ఒక వంతెన ఉండాలని అడగడం న్యాయం. ఆనకట్ట నక్షా గీసే రోజుల్లోనే, 1937 నుంచి మన పత్రికల్లో ఉన్న ఫ్లోరైడ్ వ్యాసాలను ఆ బల్ల మీద పెట్టేవాళ్లు ఉంటే, ఊట నీళ్లు ఏ ఊళ్ల బావుల్లోకి చేరతాయో ముందే కొలవగలిగేవాళ్లం. పోషకాహార సంస్థ ఆ వంతెనను తర్వాతైనా కట్టింది. తిండి, మట్టి, నీరు, ఎముక ఒకే ప్రశ్నలో భాగమని నిరూపించింది. 

అదే సంస్థ ఆ తర్వాత మన వంటింటి చింతపండు మీద కూడా పనిచేసింది. 2002లో ఖందారే బృందం ఒక ప్రయోగం ప్రచురించింది. హాస్టల్ పిల్లలకు రోజుకు 10 గ్రాముల చొప్పున 18 రోజులు భోజనంతో చింతపండు ఇస్తే, మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయింది. చింతపండు తింటే వంకర కాళ్లు తిరిగి సవ్యమవుతాయని దీని అర్థం కాదు. మన పులుసు, చారు తినే అలవాటును శాస్త్రం సీరియస్‌గా తీసుకుని కొలిచింది, అదీ విలువైన సంగతి.

పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్

ఇప్పుడు పరిష్కారం వైపు వద్దాం. 1970ల్లో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ, అంటే నీరి, ఒక పద్ధతిని తయారుచేసి దానికి నల్లగొండ పేరే పెట్టింది. నీళ్లలో సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి, పటిక కలిపి తిప్పుతారు. పటిక నీళ్లలో విడిపోయి అల్యూమినియం హైడ్రాక్సైడ్ తుంపులుగా మారుతుంది. అవి ఫ్లోరైడ్‌ను అంటించుకుని అడుగుకు దిగుతాయి. పటిక వల్ల తగ్గే క్షారగుణాన్ని సున్నం భర్తీ చేస్తుంది, మడ్డి త్వరగా అడుగుకు దిగేలా చూస్తుంది. బ్లీచింగ్ పౌడర్ క్రిములను చంపుతుంది. ఇంటి వాడకానికి 40 లీటర్ల బకెట్ చాలు. పది నిమిషాలు తిప్పి, గంటసేపు కదపకుండా ఉంచి, అడుగుకు కాస్త ఎత్తులో బిగించిన కుళాయిలో నుంచి తేటనీరు పట్టుకోవాలి. కరెంటు అక్కర్లేదు. అన్నీ కిరాణా కొట్టులో దొరికే సరుకులే. ఇది టాంజానియా, ఇథియోపియా దాకా వెళ్లింది. తూర్పు ఆఫ్రికా నీటి పరిశోధకుల వ్యాసాల్లో నల్లగొండ పేరు కనిపిస్తే మనకు గర్వంగానే ఉంటుంది.

అయినా ఈ పద్ధతి మన పల్లెల్లో నిలదొక్కుకోలేదు. బురదనీళ్లు తేర్చడానికి చిటికెడు పటిక చాలు, ఫ్లోరైడ్ తీయడానికి మాత్రం లీటరుకు వందల మిల్లీగ్రాములు కావాలి. మోతాదు ఆ బోరు నీటి ఫ్లోరైడ్‌నూ, క్షారగుణాన్నీ బట్టి మారుతుంది. ఎక్కువైతే వగరు, నీళ్లలో సల్ఫేట్, అల్యూమినియం. తక్కువైతే ఫ్లోరైడ్ పోదు. అడుగున మిగిలే తెల్లటి మడ్డిని ఎక్కడ పోయాలి? పెరట్లో పోస్తే మళ్లీ నేలలోకే కదా. తెల్లవారుజామున పొలానికి వెళ్లే ఆడమనిషి రోజూ పటిక తూచి, గంట ఆగి, మడ్డి ఎత్తిపోయడం సాధ్యమా? ఈ ప్రశ్నలకు రసాయనశాస్త్రం దగ్గర జవాబు లేదు. ఊరి జీవితాన్ని చదివేవాళ్లు, నిర్వహణ లెక్కలు తెలిసినవాళ్లు, ముఖ్యంగా ఆ ఆడవాళ్లే మొదటి నుంచీ బృందంలో ఉండాల్సింది. పద్ధతి తప్పు కాదు. దాన్ని ఇంటి గడప దాటించే పరిశోధన జరగలేదు.

జనం వేసిన ప్రశ్న

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నుంచి 480 మంది పోటీకి నిలిచారు. ఫ్లోరైడ్ బాధిత ప్రాంతానికి నీళ్లివ్వాలన్న పోరాటంలో భాగంగా జలసాధన సమితి పిలుపుతో వేసిన నామినేషన్లే వాటిలో అత్యధికం. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది, పోలింగ్ వాయిదా పడింది. దీన్ని రాజకీయ విశేషంగా చెప్పుకుంటాం. నాకు మాత్రం అది శాస్త్రానికి జనం వేసిన ప్రశ్నగా కనిపిస్తుంది. కారణం తెలిసి అరవై ఏళ్లయింది, మరి నీళ్లేవి?

జవాబు చివరికి నదుల నుంచి వచ్చింది. కృష్ణా నీళ్లను శుద్ధిచేసి గొట్టాల్లో ఇళ్లకు పంపడం క్రమంగా పెరిగింది. ఇంటింటికీ నీళ్లిచ్చే తెలంగాణ ప్రభుత్వ పథకం మిషన్ భగీరథ పైలాన్ 2015లో ఒకనాటి నల్లగొండ జిల్లాలోని చౌటుప్పల్‌లో వెలిసింది, 2016 ఆగస్టు 7న గజ్వేల్‌లో పథకం ప్రారంభమైంది. 2015లో తెలంగాణలో 967గా ఉన్న ఫ్లోరైడ్ ఆవాసాలు 2020 నాటికి ఒక్కటీ లేవని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. ఫ్లోరైడ్ నీళ్లను శుద్ధి చేయడంకన్నా మంచి నీళ్లు తేవడమే దారి అని తేలిపోయింది.

అయినా పని అయిపోలేదు. ఎముకలో చేరిన ఫ్లోరైడ్ తొందరగా పోదు. వంగిన నడుముకు మందు లేదు. పైపు నీళ్లు రాని రోజున జనం మళ్లీ బోరు దగ్గరికే వెళతారు. ఆ బోరు నీళ్లతోనే కూరగాయలు, పశుగ్రాసం పండుతాయి. పైపు వచ్చాక పుట్టిన పిల్లలు ఇప్పుడు పాలపళ్లు రాలి గట్టిపళ్లు వచ్చే వయసులో ఉన్నారు. ఆ పళ్లను వరసగా కొన్నేళ్లు పరిశీలిస్తే నీటి మార్పు ఫలించిందో లేదో తేటతెల్లంగా తెలుస్తుంది. మెకే వందేళ్ల కిందట ఓక్లీలో చేసిన పని ఇదే. మన దంతవైద్య కళాశాలలూ రసాయన విభాగాలూ కలిసి చేయదగ్గ పని ఇది. ఖర్చు ఎక్కువ కాదు, కావలసింది ఓపిక.

ఉద్దానం ముందు మనం

ఫ్లోరైడ్ నేర్పిన పాఠం ఇప్పుడు శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానంలో పరీక్షకు నిలిచింది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాల కొబ్బరి, జీడితోటల్లో ఏళ్ల తరబడి మూత్రపిండాల జబ్బు మనుషులను తీసుకుపోతోంది. మధుమేహం, రక్తపోటు లేనివాళ్లకూ వస్తోంది. నీళ్లలో సిలికా, ఫ్లోరైడ్, భార లోహాలు, పురుగుమందులు, ఎండలో నీళ్లు తక్కువ తాగి చేసే కష్టం, ఇలా ఎన్నో అనుమానాలు. ఏ ఒక్కటీ ఇదే కారణమని రుజువు కాలేదు. ప్రభుత్వాలు డయాలసిస్ కేంద్రాలు పెట్టాయి, వంశధార నీళ్లు తెచ్చాయి, పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి వచ్చాయి. 

ఇక్కడ రసాయనవేత్త చేయాల్సింది నమూనా తెచ్చి, అంకె తీసి, వ్యాసం రాసి ఊరుకోవడం కాదు. ఆ అంకె ఏ ఇంటి బావిది, ఆ ఇంట్లో ఎవరికి జబ్బు, వాళ్లు ఏ పని చేస్తారు, ఎంతసేపు ఎండలో ఉంటారు, ఏం తింటారు అన్నవి వైద్యుడి దగ్గర ఉన్న రక్తపరీక్షతో ఒకే కాగితం మీద కలవాలి. భూగర్భశాస్త్రవేత్త ఆ బావి ఏ పొరలో ఉందో చెప్పాలి. వ్యవసాయ శాస్త్రవేత్త తోటలో ఏ మందు, ఎప్పుడు కొట్టారో చెప్పాలి. వేర్వేరు విభాగాల వ్యాసాలు వేర్వేరు పత్రికల్లో అచ్చయితే ఉద్దానం జవాబు దొరకదు. నెల్లూరులో 1937లో ఒకే బృందంలో కూర్చున్నట్టు కూర్చోవాలి.

చివరగా, ఇక్కడున్న పరిశోధక విద్యార్థులకు, వాళ్ల మార్గదర్శకులకు, ఈ ఉపన్యాస నిర్వాహకులకు నా విన్నపాలు మూడు. 

మొదటిది, ప్రతి సిద్ధాంత గ్రంథం చివర ఒక అధ్యాయం చేర్చండి. మీ ఫలితం ఏ ప్రశ్నను లేవనెత్తిందో, దాన్ని ఏ శాస్త్రంవాళ్లు తీసుకోవాలో అందులో రాయండి. రాసి ఊరుకోకుండా, చర్చిల్ మెకేకు రాసినట్టు, వాళ్లకు ఉత్తరం రాయండి. 

రెండోది, మీ కొలతలను ఆ ఊరికి తిరిగి ఇవ్వండి. తెలుగులో, ఆ ఊరి పంచాయతీ గోడ మీద అతికించేలా, ఏ బోరులో ఎంత ఉందో, ఏది తాగవచ్చో, ఏది తాగకూడదో స్పష్టంగా రాసి ఇవ్వండి. నీళ్లు మీకు నమూనా, వాళ్లకు రోజువారీ అవసరం. 

మూడోది ఈ ఉపన్యాస నిధి నిర్వాహకులకు. నిధిలో కొంత ప్రతి ఏటా ఒక విద్యార్థి బృందానికి కేటాయించండి. ఆ బృందంలో రసాయనశాస్త్రం చదివే ఒకరు, వైద్యం లేదా పోషకాహారం చదివే ఒకరు, భూగర్భశాస్త్రం లేదా సమాజశాస్త్రం చదివే ఒకరు ఉండాలన్న నియమం పెట్టండి. పని ఒకే ఊళ్లో కనీసం కొన్నేళ్లు సాగాలి. మాస్టారి పేరిట ఏటా ఒక ఉపన్యాసం అచ్చువేయడం మంచిదే. ఆయన పేరిట ఏటా ఒక ఊరి నీళ్లను, ఆ నీళ్లు తాగే మనుషులను కలిపి చదివితే, ఆ చదువును ఆ ఊరివాళ్ల చేతికే ఇస్తే, ఆయన మనకు నేర్పిన రసాయనశాస్త్రానికి న్యాయం చేసినవాళ్లమవుతాం. మొదటి బృందం మార్గదర్శకత్వానికి నా వంతు సమయం ఇస్తానని ఈ సభలో మాటిస్తున్నాను. ఉద్దానం పిల్లలు ఎవరైనా ఈ కళాశాలలో ఉంటే, వాళ్ల ఊరితోనే మొదలుపెడదాం.